అమ్మ నోట నాన్న పేరు

మొన్న ఓటు వేసి వచ్చి వేలిమీద సిరా చుక్క చూసుకుంటూ కూర్చుంటే, నాంపల్లిలో మేం అద్దెకున్న ఇల్లూ, అమ్మా నాన్నా గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి.

యాభై ఆరులో రాష్ట్రం ఏర్పడ్డాక కర్నూలు నుంచి ఆఫీసుతోపాటు తరలివచ్చిన గుమాస్తా మా నాన్న. దేవుడికి దణ్ణం పెట్టడు, ముహూర్తాలంటే నవ్వుతాడు. అలాంటి మనిషి ఎన్నికల రోజున మాత్రం తెల్లారకముందే తలంటుకుని, ఇస్త్రీ పంచె కట్టి, ఓటు వేసేదాకా కాఫీ కూడా ముట్టేవాడు కాదు. మరి దీన్నేమంటారని అమ్మ మూతి ముడిచేది.

మన ఈడు వాళ్ళకి చెప్పక్కర్లేదు, ఆ రోజుల్లో ఆడవాళ్ళు భర్త పేరు పలికేవారు కాదు. పలికితే ఆయన ఆయుష్షు తరుగుతుందని అమ్మకి నిజంగానే భయం. మేం వచ్చాక జరిగిన మొదటి ఎన్నికల్లో, ఆబిడ్స్‌లోని ఓ బడిలో, జాబితాలో అమ్మ పేరుతోనే ఇంకొకావిడ ఉండటంతో, భర్త పేరు చెప్పమన్నాడు అధికారి. అమ్మ పక్కనే ఉన్న నేను చెప్పబోతే ఓటరే చెప్పాలని వారించాడు. వెనకాల నిలబడ్డ మా ఇంటి ఓనరమ్మ మాత్రం "జర చెప్పక్కా, ఏం గాదు. లేకుంటే నీ ఓటు పోతది" అంటూ భుజం తట్టింది.

వసారాకి అవతల మగవాళ్ళ వరసలోనే ఉన్నాడు నాన్న. ఈవిడ నా భార్యేనని ఆయన ఒక్క మాటంటే తేలిపోయేది, కానీ ఎవరి ఓటు వాళ్ళదేనన్న పట్టుదలతో ఆయన పెదవి కదపలేదు. నాకు ఆయన మీద చెప్పలేనంత కోపం వచ్చింది. చివరికి అమ్మ మంగళసూత్రాలు కళ్ళకద్దుకుని ఆ పేరు పలికింది. పెళ్లయ్యాక మొదటిసారి తన పేరు ఆవిడ నోట విన్న నాన్న, తన ముందున్న వరస కదిలినా అలాగే ఉండిపోయాడు.

ఇంటికి రాగానే అమ్మ దీపం వెలిగించి ఏడుస్తూ కూర్చుంది. నాన్న వేళాకోళం చేస్తాడనుకున్నాను. ఆయన చెప్పులు విడిచి వచ్చి, ఆవిడ పక్కన చేతులు జోడించి నిలబడ్డాడు. దేవుడి ముందు ఆయన్ని అలా మళ్ళీ ఎప్పుడూ చూడలేదు.

డెబ్బైల్లో నాన్న పోయాక వచ్చిన ఎన్నికలకి అమ్మ కాఫీ తాగకుండా బయల్దేరింది. అధికారి ఆవిడ పేరే అడిగాడు. అమ్మ తన పేరుతోపాటు నాన్న పేరూ గట్టిగా చెప్పింది. ఇక ఆ పేరుకి ఏ గండమూ లేదుగా అంది దారిలో నాతో.

ఇప్పుడు కార్డు చూసి పంపించేస్తున్నారు, పని తొందరగానే అయిపోతోంది. నేను కూడా కాఫీ తాగకుండానే వెళ్తాను. వెళ్ళి, ఎవరైనా ఏమైనా అడుగుతారేమోనని ఆ బల్ల ముందు ఓ క్షణం ఆగుతాను.