ఎండు పెన్న పాటను ఏ అరలో పెట్టాను

అనంతపురంలో మా వీధి చివర కొత్త హోటలు పెట్టారు. మెనూ కార్డుకు లామినేషన్ చేయించారు. మంచిదే, సాంబారు పడినా తుడుచుకోవచ్చు. అందులో ఎంత వెతికినా ఉగ్గాని కనపడలేదు. సర్వరును అడిగితే, "ఉగ్గాని లేదు సార్, మరమరాల ఉప్మా ఉండాది" అన్నాడు. తెమ్మన్నాను. వచ్చింది ఉగ్గానే. "మరి ఇదేందప్పా?" అంటే, "ఉగ్గానే సార్. కార్డులో అట్ల రాయమన్నారు" అన్నాడు. బొరుగులను మరమరాలు అన్నంత మాత్రాన రుచి మారదు. ధర మాత్రం మారింది.

ఇక నా ఉద్యోగం సంగతి. బెంగళూరులోని ఒక మ్యూజిక్ యాప్ కంపెనీకి నేను అనంతపురంలో ఇంట్లో కూర్చుని పనిచేస్తాను. సినిమాలతో సంబంధం లేకుండా సొంతంగా పాటలు కట్టుకునే తెలుగు బ్యాండ్లు వారం వారం విడుదల చేసేవన్నీ నా దగ్గరికి వస్తాయి. విని, ఒక్కొక్క పాటకు జానర్ ట్యాగ్ తగిలించాలి. జానర్ అంటే పాట ఏ జాతిదో చెప్పే పేరు: రాక్, పాప్, ఫోక్, కామెడీ, అలా. కిరాణా కొట్లో ఉప్పు ఏ అరలో, పప్పు ఏ అరలో అన్నట్టు. బాగున్నవాటిని శుక్రవారం వచ్చే కొత్త పాటల ప్లేలిస్టుకు, అంటే వరసగా మోగే జాబితాకు, సిఫారసు చేయాలి. ప్రతి కొత్త బ్యాండునూ అందరికంటే ముందు వినేది నేనేనని బంధువులకు గొప్పగా చెప్పుకుంటాను. వచ్చే పాటల్లో సగానికి పైగా ప్రేమలో ఓడిపోయినవాళ్లవే. ఇంతమంది ఇంతగా ఓడిపోతున్నా, ఒక్కరూ గిటారు మాత్రం శ్రుతి చేసుకోరు.

రెండేళ్ల కిందటి ఎండాకాలంలో పామిడి నుంచి ఒక పాట వచ్చింది. బ్యాండు పేరు 'ఎండు పెన్న'. పామిడి పక్కన పెన్న ఏటిని చూసినవాళ్లకు ఆ పేరు వివరించనక్కర్లేదు. పాట పేరు 'ఆరునూర్ల అడుగులు'. మొదట బోరు బండి చప్పుడు, దాని మీదికి డ్రమ్ము, ఆ పైన ఏ క్షణాన తీగ తెగుతుందో అన్నట్టు గిటారు. పాడింది రమీజా అనే అమ్మాయి. పామిడిలో నైటీలు కుట్టే పని చేస్తుందని పరిచయంలో రాశారు. ఆరునూర్ల అడుగుల లోతున నాలుగు బోర్లు వేయించి నాలుగింటిలోనూ దుమ్మే చూసిన తండ్రిని కూతురు నిలదీసే పాట అది. అరచేతిలో టెంకాయ లేచి నిలబడిన చోట నీళ్లున్నాయని చెప్పే మనిషిని నమ్మి ఇంకో బోరు వేయిస్తావా అని అడుగుతుంది. చివర 'నీళ్లు యాడుండాయి నాయనా' అని అరుస్తుంది. అక్కడ గొంతు చీలుతుంది. చీలినదాన్ని చీలినట్టే వదిలేశారు. నేను పాటను మళ్లీ మొదటి నుంచి పెట్టుకుని విన్నాను. ఈ ఉద్యోగంలో ఒకే పాటను రెండోసారి వినడానికి జీతం ఇవ్వరు.

మా దగ్గర ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. మనిషి కంటే ముందు అదే పాట విని, ఒక జానర్ సూచిస్తుంది. ఈ పాటకు 'కామెడీ' అని సూచించింది. దానికి మన మాట ఎవరు నేర్పించారో తెలియదు గానీ ఊహించుకోగలను. రాయలసీమ మాట సినిమాల్లో రెండే నోళ్ల నుంచి వస్తుంది: కొడవలి పట్టుకున్నవాడి నోటి నుంచి, ఆ కొడవలిని చూసి పంచె ఊడేలా పరిగెత్తేవాడి నోటి నుంచి. పాటలో కొడవలి లేదు కాబట్టి రెండోవాడి లెక్కలో వేసుకున్నట్టుంది.

మా మేనేజరు వంశీకి ఫోన్ చేశాను. కృష్ణా తీరపు మనిషి, మర్యాదస్తుడు. కోపం వచ్చినా 'అండీ' వదలడు.

"సార్, ఇది రాక్. సాఫ్ట్‌వేర్ కామెడీ అంటోంది."

"విన్నానండీ. ఎనర్జీ బాగుంది. కానీ రాక్ వినేవాళ్లకు ఈ యాస ఎక్కదండీ. ఫోక్‌లో పెట్టండి, శుక్రవారం లిస్టులోకి తీసుకుంటాను."

"ఇందులో ఫోక్ ఏముంది సార్? డప్పు కూడా లేదు."

"యాస ఉంది కదండీ." కాస్త ఆగి, "పాడేది రమీజా అంటున్నారు. భాష తెలుగేనా, ఒకసారి చూసుకోండి" అన్నాడు.

చూసుకున్నాను. తెలుగే. ఫోక్ అని నొక్కాను. ఏ అరలో ఉంటేనేం, జనం వింటే చాలదా అని నాకు నేను చెప్పుకున్నాను. నన్ను నా అంత తేలికగా ఒప్పించగలిగినవాడు ఇంకొకడు లేడు.

శుక్రవారం ఆ పాట ఒక పెళ్లి ఊరేగింపు డ్యాన్సు పాటకూ, ఒక బావామరదళ్ల పాటకూ మధ్య మోగింది. పెళ్లిపాటలు వినే ఉత్సాహంలో ఉన్నవాళ్లకు రమీజా అరుపు నవ్వు తెప్పించింది. రెండు వారాల్లో ఆ చివరి ముక్కను కత్తిరించి రీల్స్ మొదలుపెట్టారు. ఒకడు ముఖం నిండా సబ్బు నురగతో కొళాయి తిప్పుతూ ఆమె గొంతుకు పెదవులు కలిపాడు. ఇంకొకడు మందు గ్లాసు పట్టుకుని సోడా కోసం అదే అరుపు అరిచాడు. మా కంపెనీ ఆలస్యం చేయలేదు, పాటను 'నవ్వుల పాటలు' లిస్టులోకి ఎక్కించింది. వంశీ నాకు అభినందనలు పంపాడు, పూలగుత్తి బొమ్మతో సహా.

మూడు రోజుల తర్వాత రమీజా మెయిల్ వచ్చింది. ఒక ఫోన్ నంబరు, ఫోన్ చేయమని ఒక్క ముక్క. చేశాను.

"అన్నా, మా పాట ఫోక్ అని ఎవరు రాసినారు?"

"సిస్టమ్‌లో అలా పడిందమ్మా."

"సిస్టమ్ అంటే ఎవరన్నా? దానికి పేరుండాదా?"

నేను మాట మార్చాను. "వినేవాళ్లు బాగా పెరిగారు, చూశావా?"

"వింటాండారా, నగుతాండారా?" అంది. "మా నాయన టీ అంగడికి పోయేది మానేసినాడు. పోతే సాలు, ఫోను మొగం ముందర పెట్టి అదే ఏస్తాండారు. ఈ పాట నేను ఇంట్లో మొదట పాడినప్పుడు ఏడ్సినాడన్నా ఆయప్ప. ఇంగ బోరు జోలికి పోనమ్మా అని నా సేతిలో సెయ్యేసినాడు. ఇప్పుడు మళ్లా టెంకాయ పట్టేటోన్ని పిలిపించినాడు. ఈ నా కొడుకులకు నీళ్లు సూపిస్తా అంటాండాడు. వచ్చే సోమారం బండి వస్తాది. దాన్ని ఆ నగే లిస్టులో నించి తీపియ్యన్నా. మనది నగే పాట కాదని మీ కంపెనీనే రాసింది సూడు నాయనా అని ఆయనకు సూపిస్తా."

ఆ రోజు గురువారం. వంశీకి చేశాను.

"ఇప్పుడు మారిస్తే వినేవాళ్లు పోతారండీ. వాళ్లకే నష్టం."

"వాళ్లకు ఏది నష్టమో వాళ్లు చెప్తున్నారు సార్."

"ఆర్టిస్టులు కొంచెం ఎమోషనల్‌గా ఉంటారండీ. నవ్వితే తప్పేముందండీ?"

నేను అన్న మాట ఇక్కడ రాయను. అందులో 'అండీ' లేదని మాత్రం చెప్తాను. వంశీ నొచ్చుకోకుండా రూలు చదివి వినిపించాడు: ఆ లిస్టులో నుంచి తీయాలంటే ట్యాగ్ మారాలి, ట్యాగ్ మారాలంటే, మొదట ఆ ట్యాగ్ పెట్టినవాడు తాను పొరపాటు చేశానని కారణంతో సహా రాసివ్వాలి. ఫారం పంపాడు.

నేను శుక్రవారం ఆ ఫారం తెరిచాను. 'సాఫ్ట్‌వేర్ సూచన కారణంగా' అని రాశాను. కొట్టేశాను. 'పై అధికారి సలహా మేరకు' అని రాశాను. ఉద్యోగం గుర్తొచ్చి అదీ కొట్టేశాను. శని, ఆదివారాలు సెలవు కదా అనుకున్నాను. సోమవారం మధ్యాహ్నం 'ఇది రాక్ పాట అని తెలిసీ ఫోక్ అని పెట్టాను' అని రాసి పంపాను. ఆ ఒక్క వాక్యానికి నాలుగు రోజులు పట్టింది. సాయంత్రానికల్లా ట్యాగ్ మారింది, నవ్వుల లిస్టులో నుంచి పాట పోయింది. అంత సులువు పని.

ఈ కేసు నాకు నేర్పింది చిన్న విషయమే. ఇప్పుడు ట్యాగ్ నొక్కేముందు ప్రతి బ్యాండుకూ ఫోన్ చేసి, మీ పాటను మీరేమంటారు అని అడుగుతాను. చాలామంది విసుక్కుంటారు. కదిరి వైపు నుంచి ఒకడు తనది అంతరిక్ష రాక్ అన్నాడు. అలాంటి అర మా దగ్గర లేదు, అయినా పెట్టించాను. పని రెట్టింపు అయింది. వంశీ దీన్ని నా వ్యక్తిగత అలవాటు అంటాడు.

ఆ ఫారం పంపిన మర్నాడు, మంగళవారం పొద్దున బస్సెక్కి పామిడి వెళ్లాను. రమీజా ఇల్లు ఊరి చివర, చేను ఇంటి వెనకే. బోరు బండి అప్పటికే వెళ్లిపోయింది. ఏడు నూర్ల అడుగులు దిగినా చుక్క పడలేదట. చేనంతా బూడిదరంగు రాతిపొడి, బూడిద గుమ్మడికాయల మీద ఉన్నట్టు ఇంటి గోడల మీదా, గిన్నెల మీదా. తండ్రి తల మీద తువ్వాలు కప్పుకుని గట్టు మీద కూర్చున్నాడు. ఎవరో వచ్చారని తెలిసినా తలెత్తలేదు. రమీజా వసారాలో మిషను మీద నైటీలు కుడుతోంది. ముందు మిషను మీది పొడి తుడిచినట్టుంది, అదొక్కటే నల్లగా మెరుస్తోంది.

"ట్యాగ్ మారింది రమీజా" అన్నాను. "నిన్న సాయంత్రం."

"సూసినా."

ఇంకేదో చెప్పాలనిపించింది. అసలు మొదట సాఫ్ట్‌వేరే దాన్ని కామెడీ అందని, దానికి మన మాటలు తెలియవని, ఎక్కడో వేరే ఊళ్లో వేరేవాళ్లు దానికి నేర్పించారని చెప్పాను. చాలా వివరంగా చెప్పాను.

ఆమె కుట్టు ఆపింది. దారం పంటితో కొరికి తెంచి, నా వైపు చూసింది.

"మీ మిషన్‌కు మన మాట తెలీదు, సరే. నీకేమొచ్చిందన్నా?"