ఆహా మలుపు

ఆయన నడిపే బస్సు ఎక్కితే చంటిపిల్లలే కాదు, వాళ్ళను ఒళ్ళో పెట్టుకున్న తల్లులు కూడా నిద్రపోయేవాళ్ళు. అందుకే కొండ రూటు జనం ఆయనకు ఉయ్యాల డ్రైవరని పేరు పెట్టారు. బ్రేకు ఎప్పుడు వేశాడో, గేరు ఎప్పుడు మార్చాడో వెనక కూర్చున్నవాళ్ళకు తెలిసేది కాదు. డిపోలో చేరిన కొత్తవాళ్ళకు మేనేజరు చెప్పే పాఠం ఒకటే. "వెళ్ళి ఉయ్యాల పక్కన కూర్చుని రండి. తరవాత మాట్లాడుకుందాం."

అంత చేయి తిరిగిన మనిషికీ తెలియని సంగతి ఒకటుంది. కొండ సగం ఎక్కాక ఒక మలుపు వస్తుంది. అక్కడ బస్సులో మెలకువగా ఉన్నవాళ్ళంతా ఒక్కసారిగా "ఆహా" అంటారు. పెళ్ళాంతో పోట్లాడుతున్నవాడు కూడా పోట్లాట ఆపి "ఆహా" అని, మళ్ళీ మొదలుపెడతాడు. కండక్టర్లు దానికి ఆహా మలుపని పేరే ఖాయం చేసేశారు. ఆ ఆహా దేనికో మాత్రం ఉయ్యాలకు తెలియదు. ఎక్కేటప్పుడు లోయ అవతలి పక్కన పడుతుంది. దిగేటప్పుడు తన పక్కనే ఉంటుంది కానీ, ఎదురొచ్చే లారీ మీదికి వచ్చేదాకా కనబడని చోటు అది. అక్కడ తల తిప్పే డ్రైవరుకు ఇంకోసారి తల తిప్పే అవసరం రాదు. పోనీ ఎవరైనా చెబుతారా అంటే, ఆయన నెత్తి మీదే ఎర్రక్షరాల బోర్డు: డ్రైవరుతో మాట్లాడరాదు. బస్సులో ఉన్న బోర్డులన్నిటిలోకీ జనం బుద్ధిగా పాటించింది అదొక్కటే.

సెలవు రోజున టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళి చూసి రావచ్చుగా అంటారా? ఇంకొకరు నడిపే బండిలో కూర్చుంటే ఆయనకు కడుపులో తిప్పేది. లేని బ్రేకును కాలు దానంతటదే తొక్కేది. ఆయన భార్య పెద్దాసుపత్రిలో స్టాఫ్ నర్సు. సొంత డబ్బుతో చిన్న కారు కొనుక్కుని, రోజూ అందులోనే డ్యూటీకి వెళ్ళొచ్చేది. ఆ కారులో కూడా ఆయన ఒక్కసారి ఎక్కిన పాపాన పోలేదు. "నీ డ్రైవింగు బాగానే ఉంటుంది నర్సమ్మా, నా ఒంటికే పడదు" అని తప్పించుకునేవాడు. ఆమె నవ్వి ఊరుకునేది. ఆమె మాత్రం ఆయన బస్సులో రెండుసార్లు కొండెక్కింది. డ్యూటీ దిగి ఎక్కిందేమో, రెండుసార్లూ ఆ మలుపు రాకముందే నిద్రపోయింది. డ్రైవరుగారి భార్యను కుదిపి లేపే ధైర్యం ఎవరికుంటుంది?

డిపోలో డ్రైవర్లు కాళ్ళు చాపుకునే గదిలో ఒక క్యాలెండరు ఉండేది. అందులో ఒక నెల బొమ్మ ఉయ్యాల మనసు దోచేసింది. ఏదో దేశంలో, సముద్రంలోకి నిట్టనిలువుగా దిగిన కొండ. ఆ కొండ నడుముకు తాడు చుట్టినట్టు రోడ్డు. నెల అయిపోయినా ఆయన ఆ కాగితం తిప్పనివ్వలేదు. ఆ ఏడాదంతా ఆ గదిలో అదే నెల నడిచింది. "రిటైరయ్యేలోపు ఆ రోడ్డు మీద ఒక్కసారి స్టీరింగు పట్టుకోవాలి" అని ఆయన అందరితోనూ అనేవాడు. వినేవాళ్ళు తలూపేవాళ్ళు. నర్సమ్మ ఒక్కతే తలూపి ఊరుకోలేదు. రిటైర్మెంటు దగ్గరపడుతుండగా, టిక్కెట్లు తెచ్చి ఆయన టిఫిను డబ్బాలో పెట్టింది.

ఏర్పాట్లన్నీ ఆవిడవే. మందు సీసాతో వచ్చే చీమల బారు అక్షరాల కాగితాన్ని ఆసాంతం చదివే అలవాటున్న మనిషి కదా, తన క్రెడిట్ కార్డు షరతులనూ అలాగే చదివింది. విదేశంలో అద్దె కారు తీసుకుంటే, ఆ కారుకు ఏమైనా అయితే నష్టం కార్డు బీమాయే భరిస్తుందని అందులో ఉంది. అయినా నమ్మకం చాలక ఫోను చేసి మరీ అడిగింది. అద్దె మొత్తం ఆ కార్డుతోనే కట్టాలి. అద్దె కంపెనీవాళ్ళు అమ్మజూపే బీమా వద్దనాలి. ఒప్పందంలో పేరున్నవాళ్ళు తప్ప ఇంకెవరూ బండి నడపకూడదు. "వీటిలో ఏది తప్పినా బండి మీద పడే గీత గీతకూ మీరే బాధ్యులు మేడమ్" అని అటువైపు మనిషి చిలక్కు చెప్పినట్టు చెప్పాడు.

ఆ దేశంలో విమానం దిగి, అద్దె కార్ల కౌంటరు దగ్గరకు వెళ్ళారు. కౌంటరు అమ్మాయి నవ్వుతూనే భయపెట్టడం మొదలుపెట్టింది. కొండదారిలో రాళ్ళు పడతాయట, అద్దం పగిలితే అంతే సంగతులట, మా బీమా తీసుకుంటే హాయిగా తిరగొచ్చట.

"వద్దమ్మా, నా కార్డుకే ఉంది" అంది నర్సమ్మ.

"అయితే ఏదైనా జరిగితే ముందు మీ కార్డు మీదే కోసుకుంటాం. తరవాత మీరూ మీ కార్డువాళ్ళూ చూసుకోవాలి."

"చూసుకుంటాం. ఇంకో డ్రైవరుగా ఈయన పేరు కూడా రాయండి. అసలు నడిపేది ఈయనే."

ఉయ్యాల కొత్త చొక్కా సర్దుకుని ముందుకు జరిగాడు. అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసి దర్జాగా కౌంటరు మీద పెట్టాడు. ఆ అమ్మాయి అది చూసి, అసలు లైసెన్సు కూడా కావాలంది. ఆయన చెయ్యి ఎడమ జేబు మీదికి వెళ్ళింది. అక్కడే ఆగిపోయింది. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ లైసెన్సు ఉండేది ఖాకీ చొక్కా ఎడమ జేబులో. చొక్కా చిరిగి కొత్తది కుట్టించుకున్నా, లైసెన్సు ఆ జేబులోంచి ఈ జేబులోకే మారేది. ఆ ఖాకీ చొక్కా ఇప్పుడు సముద్రాలకు అవతల, ఇంట్లో కొక్కేనికి వేలాడుతోంది.

ఆయన మొహం చూశాక నర్సమ్మకు అడగాల్సిన పని లేకపోయింది. ఎంత బతిమాలినా ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. లైసెన్సు లేనిదే పేరు రాయదు, పేరు లేనిదే కార్డు బీమా వర్తించదు. పర్మిటూ లైసెన్సూ రెండూ చేతి సంచిలో పెట్టుకున్నది నర్సమ్మ ఒక్కతే. ఉయ్యాల తన పర్మిట్ తీసి జేబులో పెట్టుకున్నాడు. ఇన్నేళ్ళు ఎదురుచూసిన రోడ్డు దగ్గరకొచ్చి, పక్క సీటులో కూర్చోవాలా?

"పోనీ వెనక్కి వెళ్ళిపోదామా?" అన్నాడు.

"వెళ్ళిపోదాం, ఆ రోడ్డు మీదుగా వెళ్ళిపోదాం. ఎక్కండి డ్రైవరుగారూ. కడుపులో తిప్పితే సంచిలో మాత్రలున్నాయి."

ఎక్కే ముందు ఆమె కారు చుట్టూ తిరిగి, ఉన్న గీతలన్నిటికీ ఫోటోలు తీసుకుంది. తరవాత సీటు ముందుకు జరుపుకుని, అద్దాలు సరిచూసుకుని, బెల్టు పెట్టుకుంది. అదృష్టవశాత్తూ అక్కడా మనలాగే ఎడమ పక్కనే నడుపుతారు. ఉయ్యాల తలుపు మీది పిడిని రెండు చేతులతో పట్టుకున్నాడు. కుడికాలు అప్పుడే లేని బ్రేకును వెతుకుతోంది.

ఊరు దాటింది. పొలాలు దాటాయి. కొండ మొదలైంది. మొదటి మలుపు దగ్గర ఆయన "గేరు..." అనబోయాడు. అప్పటికే గేరు మారిపోయి ఉంది. మారినట్టు ఆయనకు తెలియనే లేదు. పక్కకు తిరిగి ఆమె చేతుల వంక చూశాడు. నరం దొరకని పసివాళ్ళకు కూడా ఏడవనివ్వకుండా సూది గుచ్చే చేతులవి. స్టీరింగును అంత తేలిగ్గానే పట్టుకున్నాయి. ఈమె ఇంత బాగా నడుపుతుందా? ఇన్నేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటూ, తనకీ సంగతి ఎలా తెలియకుండా పోయింది? ఆయనకు సిగ్గేసింది. ఎప్పుడు వదిలాడో గానీ, చేతులు పిడిని వదిలి ఒళ్ళోకి వచ్చేశాయి. కాలు బ్రేకును వెతకడం మానేసింది.

అప్పుడు తల తిప్పి కిటికీలోంచి చూశాడు.

"ఆహా!"

ఆ కేక తన నోట్లోంచే వచ్చిందని తెలియడానికి ఆయనకు కాస్త సమయం పట్టింది. రోడ్డు అంచున నేల లేదు. కొండ అక్కడే తెగి, కళ్ళు తిరిగేంత కిందికి దిగిపోయి, సముద్రంలో కాళ్ళు పెట్టింది. ఎంత దూరమంటే, అలలు కదులుతున్నట్టు కూడా కనబడటం లేదు. నీలం మీద ఎవరో సుద్దముక్కతో గీసి వదిలేసినట్టున్నాయి. క్యాలెండరు బొమ్మ దీని ముందు ఏ మూలకు? ఒళ్ళంతా గగుర్పొడిచింది. భయమో ఆనందమో చెప్పలేనిదేదో గుండెల్లో నిండిపోయి, కళ్ళలోంచి పొర్లింది. ఇంత పెద్దదాన్ని పక్కన పెట్టుకుని ఈ లోకం ఇంత మామూలుగా ఎలా తిరుగుతోంది?

"ఏముందండీ అక్కడ?" అంది నర్సమ్మ.

ఆయన చప్పున ఇటు తిరిగాడు. ఆమె కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి. రెప్ప కూడా అటు వాలలేదు. ఈ మలుపులో అటు చూడకూడదని ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? ఆ అడిగిన గొంతూ ఆయనకు తెలుసు. ఆహా మలుపు దాటిన ప్రతిసారీ తన గొంతులోనే ఇరుక్కుపోయిన ప్రశ్న అది.

"చెప్పండి. నేను చూడలేను కదా."

ఆయన జీవితంలో దేన్నీ వర్ణించిన మనిషి కాదు. "సముద్రం. చాలా... చాలా కిందుంది. పక్షులు..." అని ఆగిపోయాడు. ఆయన చూపు పక్షుల మీద పడింది. "నర్సమ్మా, పక్షులు మనకంటే కింద ఎగురుతున్నాయి. వాటి వీపులు కనిపిస్తున్నాయి."

"వీపులా? ఊరుకోండి, జోకులు."

"ఒట్టు. తెల్లటి వీపులు. మీదినుంచి చూస్తే రెక్కల చివర నలుపు. మనం పక్షుల పైనున్నాం."

ఆమె సీటులో కాస్త ముందుకు జరిగింది. కళ్ళు మాత్రం రోడ్డు మీంచి కదల్లేదు. ఉయ్యాల ఇక ఉండబట్టలేకపోయాడు. ఇంత దూరం తీసుకొచ్చిన మనిషి చూడకుండా వెళ్ళిపోవడమా? ఆమె చూడాలంటే తను నడపాలి. తను నడిపితే బీమా లేనట్టే. ఒక రాయి పడితే చాలు, ఆమె కూడబెట్టుకున్నదంతా హరీమంటుంది. ఒక్క కిలోమీటరు, ఎవరు చూస్తారు? నా చేతిలో బండికి గీత పడుతుందా? కొండ రూటులో ఏనాడైనా పడిందా? చెయ్యి దురద పెట్టింది. కోరుకున్న రోడ్డు, ఆమె కోసమన్న సాకు, రెండూ ఒకేసారి దొరికాయి.

కాస్త ముందుకు వెళ్ళాక రోడ్డు వెడల్పయి, బండి ఆపుకునే చోటు వచ్చింది. ఆమె అక్కడ ఆపి, ఆయన మనసు చదివినట్టు తాళం తీసి చాపింది. "ఎవరూ లేరు. దీని కోసమేగా వచ్చారు. నడపండి, ఏదైనా అయితే ఆ గీతలు నేను కట్టుకుంటాను."

తాళం ఆయన అరచేతిలో వేడిగా ఉంది. కాసేపు దాన్నే చూశాడు. తరవాత ఆమె చేతి సంచిలో వేసి జిప్పు లాగేశాడు.

"దిగు. నడుచుకుంటూ వెనక్కి వెళ్దాం. ఆ మలుపు దాకా."

"నడిచా? మీరా?" బజారుకు కూడా నడవని మనిషాయన. ఆమె నోరు వెళ్ళబెట్టింది.

రోడ్డు పక్క కంచె వెంట మనుషులు నడిచే కాలిబాట ఉంది. ఇద్దరూ చేతులు పట్టుకుని వెనక్కి నడిచారు. గాలికి ఆమె చీర కొంగు నిలవడం లేదు. మలుపు చేరాక ఆయన ఆమె భుజాలు పట్టుకుని సముద్రం వైపు తిప్పాడు. ఆమె కంచె మీంచి కిందికి వంగి చూసింది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, "నిజంగానే వీపులండీ" అంది. ఆసుపత్రిలో పుట్టుకలూ చావులూ చూసి చూసి గట్టిపడిపోయాననుకునే మనిషి, అక్కడ చంటిపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది.

కారు తిరిగి అప్పగించినప్పుడు ఒక మనిషి చుట్టూ తిరిగి చూసి, బాగుందని సంతకం పెట్టించుకున్నాడు. కార్డు బీమా ఆ అద్దె కంపెనీకి పైసా ఇవ్వాల్సిన పని రాలేదు. ఉయ్యాలకు అది ఇచ్చింది పక్క సీటు. క్యాలెండరు రోడ్డు మీద స్టీరింగు పట్టుకోకుండానే ఆయన ఇంటికి వచ్చేశాడు.

ఇంటికొచ్చిన మొదటి సెలవు రోజున, ఆయన రెండు టిక్కెట్లు కొని కొండ రూటు బస్సు ఎక్కాడు. నడిపేది తన పక్కన కూర్చుని పని నేర్చుకున్నవాడే. ఉయ్యాల లోయ పక్క కిటికీ దగ్గర కూర్చుని, "ఇవాళ నిద్రపోయావంటే ఊరుకోను" అని నర్సమ్మను బెదిరించాడు. కడుపులో తిప్పలేదు. మలుపు వచ్చింది. బస్సంతా "ఆహా" అంది.

ఆయన అనలేకపోయాడు. అక్కడ సముద్రం లేదు, వీపులు చూపే పక్షులూ లేవు. లోయలో పొగమంచు విడిపోయి, అడుగునుంచి అక్కడిదాకా రోడ్డు కనిపిస్తోంది. మెలికలు మెలికలుగా, ఒకదాని మీద ఒకటి, లెక్క తెలియనన్ని వంపులు. ఆ నిలువు కొండకు ఆ రోడ్డు ఎలా అతుక్కుని ఉందో, దాని మీద బస్సులు ఎలా పాకుతున్నాయో చూస్తే నమ్మబుద్ధి కావడం లేదు. అట్టడుగున చీమంత బస్సు ఒకటి మొదటి మలుపు తిరుగుతోంది.

"ఇదా?" అంది నర్సమ్మ ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుని. "ఇన్నేళ్ళూ వీళ్ళు ఆహా అన్నది మీరు ఎక్కించిన దారి చూసా?"

ఆయన తలూపాడు. నిద్రపోయినవాళ్ళందరినీ తను మోసుకొచ్చింది ఈ లోతులోంచా?

పై ఊళ్ళో బస్సు ఆగింది. జనం దిగిపోయాక ఆయన ముందుకు వెళ్ళి, ఎర్రక్షరాల బోర్డు కింద నిలబడ్డాడు. డ్రైవరు గబగబా లేవబోయాడు. "గురువుగారూ, మీరేంటి ఈ సీట్లలో?"

"కూర్చో. ఆహా మలుపు దగ్గర ఏముందో నీకు తెలుసా?"

"నాకెలా తెలుస్తుంది? ఎవరు చెబుతారు?"

"నేను చెబుతా, విను" అని ఉయ్యాల ఇంజను మూత మీద కూర్చున్నాడు.