మూడో వరుస సీటు

మొన్న ఆదివారం మా అబ్బాయి కొత్త కారు చూద్దామంటూ నన్నూ, కోడలినీ, మనవరాలినీ వెంటబెట్టుకుని సూర్యాపేటలోని ఒక షోరూముకు తీసుకెళ్లాడు. ఏడుగురు కూర్చునే బండే అయినా, పరుగుపందేనికి తయారైనదానిలా ముక్కు కిందికి వంచుకుని ఎర్రగా నిగనిగలాడుతోంది. బయానా కట్టడానికి వాడి చెయ్యి దురద పెడుతోందని మొహం చూస్తేనే తెలిసిపోతోంది. కోడలు ముందు కూర్చుంది.

"అమ్మా, నువ్వూ పాపా ఎన్క కూసోండ్రి, గాడ గూడ ఏసీ ఉంది," అన్నాడు.

ఎక్కడం ఎలాగో ఎక్కాను గానీ, వాడు మధ్య సీటును వెనక్కి నెట్టి టక్కున బిగించి, బజారులో కొన్న బట్టల సంచులన్నీ దాని కాళ్ల దగ్గర సర్దేసరికి చుట్టూ చూసుకున్నాను. అటు చూస్తే తలుపు లేదు, ఇటు చూస్తే తలుపు లేదు. నడిపి చూడ్డానికి వాడే స్టీరింగు పట్టాడు, కోదాడ రోడ్డెక్కగానే ఏదో మీట నొక్కాడు, బండి ఒక్కసారి గుర్రుమని ముందుకు దూకింది, పాప కేరింతలు కొట్టింది. నేను మాత్రం దాని చెయ్యి గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకున్నాను.

మీరూ నా ఈడువారే అయితే ఆనాటి కిరాయి జీపులు మీకూ గుర్తుండే ఉంటాయి. వెనక ఎదురెదురుగా రెండు బల్లలు, పైన టార్పాలిన్, ముందు సీటుకూ మనకూ మధ్య ఒక రేకు, అంతే. నేరేడుచర్ల నుంచి మా అక్కను నిడమనూరు అత్తవారింటికి సారెతో సాగనంపుతున్న రోజది. మగవాళ్లు ముందు కూర్చున్నారు, ఆడవాళ్లనూ పిల్లలనూ వెనక కుక్కారు, ఆ తర్వాత సారె ఎక్కించారు. అంటే లడ్డూల డబ్బాలూ, అరిసెల గంపలూ, ఇత్తడి బిందెలూ అన్నీ మేము దిగాల్సిన చోటే గోడలా పేర్చి, జారకుండా అడ్డంగా తాడు బిగించారు. దారిలో ఒక్క లడ్డూ జారినా వియ్యాలవారి ముందు పరువు పోతుందని పెదనాన్న ఆ ముడులు తానే వేశాడు, ఆయన ముడి వేస్తే ఇంకొకరు విప్పలేరని మా ఇంట్లో గొప్పగా చెప్పుకునేవారు కూడా.

పొద్దున్నుంచీ ముసురు. సాగర్ కాలువ గట్టు మీద నల్లమట్టి వెన్నలా ఉంది. మంచి గడియ దాటిపోతుందని పెదనాన్న డ్రైవరును తొందరపెడుతూనే ఉన్నాడు. ఒక మలుపులో బండి వెనక చక్రాలు జారి, జీపు వెనకభాగం కాలువ వైపు వాలిపోయింది. ముందున్నవాళ్లు చెంగున దూకేశారు. మేము మాత్రం ఒకరి మీద ఒకరం సారె మీదికి జారి, ఆ బరువుకు తాడు ఇంకా బిగుసుకుని, బిందెల సందులోంచి ఎర్రటి నీళ్లు సుడి తిరుగుతూ కనిపిస్తుంటే, భయంతో నాకు ఏడుపు కూడా రాలేదు. తడిసిన ముడి ఊడలేదు. పెదనాన్న దాన్నే ఇంకా పీకుతున్నాడు.

"తాడు కొయ్యుండ్రి! సారె కాల్వల పడితే పడనియ్యుండ్రి!" అని అమ్మ అరిచింది. బావగారి ముందు ఆమె గొంతెత్తగా నేను విన్నది ఆ ఒక్కసారే. ఆయన ఒక్క క్షణం లడ్డూల డబ్బాల వంక చూశాడు. అది నేను చూశాను. ఇంతలో పక్క పొలంలోంచి ఒకామె పరుగున వచ్చి కొడవలితో తాడు కోసేసింది, సారె అంతా కాలువ పాలైంది, మేము బురదలో మోకాళ్ల మీద పాకి గట్టెక్కాము.

ఆ లడ్డూలు పోయిన సంగతి మా చుట్టాల్లో ఏ పెళ్లిలో కలిసినా చెప్పుకున్నారు, నవ్వుకున్నారు. అమ్మ మాత్రం ఆ తర్వాత మిర్యాలగూడ వెళ్లాలన్నా బస్సే ఎక్కేది. జీపు ఎక్కితే కడుపులో తిప్పుతుందని చెప్పేది, అందరూ నమ్మేవారు.

బండి మళ్లీ షోరూము ముందు ఆగింది. వాడు వెనక్కి తిరిగి, "ఎట్లుందే అమ్మా?" అన్నాడు.

అబద్ధమెందుకు, సీటు మెత్తగానే ఉంది, గాలి చల్లగానే వస్తోంది, మోకాళ్లు మాత్రం గడ్డానికి తగులుతున్నాయి. ఆ సీటు ఎత్తి ఉంచితే డిక్కీలో టిఫిను సంచీ తప్ప మరేమీ పట్టదు, కాబట్టి ఊరికి వెళ్లేటప్పుడు సామానంతా ఇలాగే మా దారికి అడ్డంగా వచ్చి పడుతుంది.

"అంత మంచిగనే ఉంది బిడ్డా. ఆపదొస్తె నేనూ పాపా ఎట్ల దిగాలె?"

మీట లాగితే మధ్య సీటు వంగుతుందని నవ్వాడు. అయితే నువ్వే ఒకసారి కూర్చుని దిగి చూపించమన్నాను. సంచులు తీసి మమ్మల్ని దింపి, తాను ఎక్కి కూర్చున్నాడు. మేము సంచులు మళ్లీ అక్కడే సర్ది, తలుపులన్నీ వేశాము. మీట లాగాడు, కింద సంచులు అడ్డమై సీటు వంగలేదు. డిక్కీ వైపు తడిమాడు, లోపల పిడి లేదు. మొదట నవ్వుతూనే ఉన్నాడు. కాసేపటికి ఆ నవ్వు ఆగిపోయింది, అద్దం మీద అరచేత్తో కొట్టాడు. ఆ మొహం చూడలేక గబుక్కున డిక్కీ ఎత్తాను.

వాడు దిగి చెమట తుడుచుకుని, పాపను ఎత్తుకుని, "ఇంకో బండి సూద్దాంలే," అన్నాడు.

కాలువ గట్ల మీద సిమెంటు పడింది, టార్పాలిను పోయి ఏసీ వచ్చింది, వెనక వరుసలో మాత్రం ఇప్పటికీ మేమే. అయినా నా కొడుకు నన్ను ఎట్లుందని అడిగాడు, చెబితే విన్నాడు. మా అమ్మ పోయేదాకా ఆమెను ఆ మాట అడిగినవాళ్లు లేరు. నేనూ అడగలేదు.