ఏడుపు రాని మా అక్క

మా తోటికోడలు, నేను అక్కా అని పిలిచే మనిషి, పోయిన బుధవారం చనిపోయింది. నేను నాలుగో తరగతి దాకానే చదివినాను. తప్పులుంటాయి, దస్తూరి బాగుండదు. పత్రికలో ఇది చదివే అక్కలు ఏమీ అనుకోవద్దు.

జ్వరమొచ్చి పోయిందని అందరూ అంటున్నారు. జ్వరం చివర్లో వచ్చింది. అంతకు ముందు ఏడాదిగా తిండి తినక ఆమె కరిగిపోతూనే ఉంది.

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు కాపురానికి వచ్చిన కొత్తలో నేను భయంతో వంటింట్లో నుంచి కదిలేదాన్ని కాదు. నేను తట్టిన రొట్టె చూసి అక్క నవ్వేది. "ఏందీ మే, అవుకు చెరువు మాదిరి పరిచినావు?" అనేది. ఆమె పుట్టిల్లు అవుకు. వేడి రొట్టె నా కంచంలోనే వేసి, "సిగ్గుతో కడుపు నిండదు, తిను" అనేది.

మా మామ పోయినప్పుడు వీధిలోని ఆడవాళ్లు వచ్చి, అత్తను కావిలించుకొని, రాగం తీసి ఏడ్చినారు. అత్తా ఏడ్చింది. మధ్యలో ఆగి, "ఆ దూడను కట్టేయండే" అని, మళ్లీ ఏడ్చింది. కొన్ని నెలలకు పప్పులో ఉప్పు తక్కువని నన్ను తిట్టడం మొదలుపెట్టింది. ఇప్పటికీ మామ పంచె కనబడితే కళ్లు తుడుచుకుంటుంది. దుఃఖమంటే అది.

అక్కకు అప్పుడు ఎవరూ పోలేదు. అయినా తెల్లారకముందే లేచి గోడను చూస్తూ కూర్చునేది. తల దువ్వుకోవడం మానింది. ముద్ద నోట్లో పెట్టుకొని నమలడం మరిచిపోయేది. తన బిడ్డ ఒళ్లో వాలినా చెయ్యి లేచేది కాదు.

"నీకేం తక్కువైందే?" అనేది అత్త.

"పనిలో పడితే అదే పోతాది" అని అక్క మొగుడు, మా బావ, పత్తి తీయడానికి పంపినాడు. అక్క సాలు మధ్యలో నిలబడిపోయింది.

చివరికి అత్తకు ఒకటి తోచింది. దుఃఖం లోపల గడ్డకట్టింది, ఏడిస్తే దిగుతుందనుకుంది. ఎప్పుడో పోయిన అక్క తల్లి పేరు చెప్పి, చావింటికి పిలిచినట్టే ఆడవాళ్లను పిలిపించింది. వాళ్లు అక్కను కావిలించుకొని రాగాలు తీసినారు. అందరి కళ్లూ తడిసినాయి, అక్కవి తప్ప. "రాతిగుండె మే దీనిది" అనుకుంటూ వెళ్లిపోయినారు.

నేను నీళ్లిస్తే అక్క మెల్లగా అంది. "ఏడుపొస్తే బాగుండు చెల్లే. ఆకలి మాదిరే అదీ పోయింది. లోపల ఎవరూ లేనట్టుంది."

బావ అక్కను నంద్యాల డాక్టరు దగ్గరికి తీసుకుపోతే నేనే తోడు పోయినాను. "ఇది దిగులు కాదు, జబ్బు. మదరాసులో చూసేవాళ్లు ఉన్నారు, తీసుకుపోండి" అన్నాడాయన.  ఇంటికి వచ్చినాక బావ, "పిచ్చిదని పేరొస్తే నా కూతుర్ని ఎవడు చేసుకుంటాడు?" అన్నాడు.

తలుపు చాటు నుంచి, "జబ్బన్నాడు గానీ పిచ్చి అనలేదు బావా" అన్నాను. బావతో నేను మాట్లాడిన మొదటి మాట అదే.

"నీ పెండ్లాన్ని లోపలికి పొమ్మను" అని మా ఆయనతో అన్నాడు. మా ఆయన పొమ్మన్నాడు.

కాలు విరిగి ఉంటే ఆ పూటే బండి కట్టేవాళ్లు కాదా? తేలు కుడితే నీకేం తక్కువైందని అడిగేవాళ్లా? తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఈ పొద్దున అక్క బిడ్డ గుక్కపెట్టి ఏడ్చింది. మధ్యాహ్నం సంగటి తిని, వాకిట్లో గళ్లు గీసి తొక్కుడుబిళ్ల ఆడుతోంది.

"తల్లి పోయి వారం కాలేదు, ఆటలేందే?" అని అత్త లేచింది.

"ఆడనీ అత్తా. అది ఏడుస్తాండాది, తింటాండాది. ఆ రెండూ మానిన నాడు చెప్పు. ఎవరు వద్దన్నా మదరాసు రైలెక్కిస్తా" అన్నాను.

అత్త నన్ను కొత్తగా చూసింది. లేచిన మనిషి మళ్లీ కూర్చుంది.

మా పేర్లు వేయకండి. బావకు చదువొచ్చు. అచ్చయినాక ఈ కాగితాన్ని పొయ్యిలో వేసేయండి. వాకిట్లో బిడ్డ ఒంటికాలి మీద నిలబడి, రెండు చేతులూ చాపి, గీత తొక్కకుండా ఊగుతోంది.