ఎవరూ పోలేదన్న ఇల్లు

చీపురుపల్లిలో జనపనార వ్యాపారి ఒకాయన కట్టించిన పాత బంగళా అమ్మకానికి వచ్చినప్పటి నుంచి, చూడవచ్చినవాళ్లకు తలుపులు తీసేది పనిమనిషి అసిరమ్మే. కొంగు నడుముకు బిగించి, చెప్పులు మెట్ల దగ్గరే వదిలి ముందు నడుస్తుంది. ఇటలీ నుంచి ఓడలో వచ్చిన పాలరాతి నేల, ఒరియా శిల్పులు చెక్కిన స్తంభాలు, దొరల చర్చిలో ఉండేలాంటి రంగుటద్దాల కిటికీలు, హాలు మీద పెద్ద గుమ్మటం. అన్నీ చేత్తో చూపిస్తుంది గాని మాట్లాడేది తక్కువ. హాలు మధ్యకు వచ్చేసరికి మాత్రం పక్కకు తప్పుకుని నడుస్తుంది. కిందటేడు గుమ్మటం లోపల సున్నం వేస్తూ ఆమె మొగుడు పోలయ్య జారి పడి చనిపోయింది అక్కడే. అక్కడి నాలుగు పాలరాళ్లనూ ఆమె కూర్చుని చేత్తోనే తుడుస్తుంది.

మొన్న విశాఖపట్నం నుంచి ఒక జంట వచ్చారు. ఇల్లు వాళ్లకు బాగా నచ్చింది. వెళ్లబోతూ ఆవిడ అసిరమ్మను ఆపి, "నిజం చెప్పమ్మా, ఈ ఇంట్లో ఎవరైనా అర్ధాంతరంగా పోయారా?" అని అడిగింది. యజమాని ఉపేంద్ర పక్కనే ఉన్నాడు. ఇల్లు చేతులు మారినా ఆమెను పనిలో ఉంచేలా చూస్తానని మాటిచ్చినవాడు. అసిరమ్మ హాలు మధ్య రాళ్లకేసి చూసింది.

"నేదమ్మా. ఇక్కడెవులూ పోనేదు."

ఆవిడ మనసు కుదుటపడింది. అక్కడే బేరం కుదిరింది. అందరూ వెళ్లిపోయాక అసిరమ్మ ఆ రాళ్ల మీదే కూలబడింది. పక్కనున్న మనిషిని లేపుతున్నట్టు నేలను మెల్లగా తట్టింది.

"నువ్వు పోనేదని సెప్పీసినాను, మావా. మరి లే. ఇంటికెల్దాం."