మావగారి నల్ల పురి

మా అత్తవారిది రాజోలుకు దగ్గర్లో వైనతేయ గోదావరి ఒడ్డు. కొబ్బరి పీచుతో పడవలకు తాళ్ళు పేనడం వాళ్ళ వృత్తి. ఆ తాడు కొనడానికి వచ్చినవాడు ముందుగా కొస విప్పి చూసేవాడు. మూడు పేటల్లో ఒకదాని లోపల సన్నటి నల్ల పురి కనిపిస్తే ఇక బేరమాడకుండా తాడు భుజాన వేసుకుని వెళ్ళేవాడు. పీచు నానవలసినంత కాలం నానిందనీ, పేనిన చేయి నమ్మదగినదనీ ఆ పురికి అర్థం. కరక్కాయ నీళ్ళలో తుప్పు పట్టిన ఇనప ముక్కలు వేసి దాన్ని నలుపు చేసేవారు.

కూతురితో పాటు ఆ గుర్తును కూడా అల్లుడికి ఇవ్వడం ఆ ఇంటి ఆనవాయితీ. మా అప్పగింతల వేళ మావగారు నల్ల పురి చుట్ట ఒకదాన్ని పసుపు గుడ్డలో పెట్టి నా చేతికి ఇచ్చారు. మాది కాట్రేనికోన. మేమూ తాళ్ళు పేనేవాళ్ళమే, కానీ అంతవరకు మా తాడు మా రేవు దాటి ఎరగదు. ఆ పెళ్ళి తర్వాత ముఖం తెలియని పడవవాళ్ళు కూడా మా పాక వెతుక్కుంటూ వచ్చారు.

నేను బడికి వెళ్ళలేదు. అక్షరాలు సొంతంగా నేర్చుకున్నాను. అమలాపురంలో పని మానుకుని ఇంటిపట్టున ఉండే ఒక ముసలి వకీలుగారు నన్ను తన పుస్తకాలు ముట్టుకోనిచ్చేవారు. పెళ్ళయ్యాక అక్కడికి సరుకు వేయడానికి వెళ్ళినప్పుడల్లా తిరుగు పడవ కదిలేదాకా ఆయన అరుగు మీద కూర్చుని చదివేవాణ్ణి. తెలుగులోకి వచ్చిన సర్కారు చట్టాలు, రెగ్యులేషన్లన్నీ అయ్యాక, నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు తీర్పులు మొదలుపెట్టాను. ఒక్క పుట ఒక పూట పట్టేది. అయినా మా వైపు తాళ్ళు పేనేవాళ్ళలో ఇంగ్లాండు న్యాయాధిపతులు ఏమన్నారో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణేనని నాకు గర్వంగా ఉండేది. ఇప్పటికీ ఉంది.

ఆనకట్ట కట్టి కాలవలు తవ్వాక పడవలు పెరిగాయి. రాజోలులో ఒక వర్తకుడు తాళ్ళ కొట్టు తెరిచాడు. నాలుగు ఊళ్ళ నుంచి నాసి సరుకు తెప్పించి, ధాన్యం బాడుగలు వచ్చాక ఇవ్వండని అరువుకు పోసేవాడు. మావగారికి అరువిచ్చే స్తోమత లేదు. అంతవరకు అది వ్యాపారమే, ఎవరూ తప్పు పట్టలేదు. తర్వాత ఆ కొట్టు తాళ్ళలో కూడా నల్ల పురి కనిపించడం మొదలైంది.

ఆ సంగతి మాకు తెలిసిన రోజు నేను అక్కడే ఉన్నాను. ఒక పడవాయన తెగిన తాడు తెచ్చి మావగారి ముందు పడేశాడు.

“చూసేరా అండీ మీ తాడు? పడవ కట్టేసి అన్నం తినొచ్చేసరికి అది అవతలి ఒడ్డున ఉందండి. మా ఆవిడ జడతో కట్టినా ఆగేదండి.”

మావగారు కొస విప్పి పీచు నలిపి చూశారు. “ఇది మేం పేనింది కాదండీ. పీచు సరిగ్గా నాననే లేదు.”

“పీచు సంగతి నాకేం తెలుస్తాదండీ? నల్ల పురి చూసేను, కొన్నాను.”

“ఎక్కడ కొన్నారండీ?”

“రాజోలు కొట్లోనండి. అరువిచ్చేరు మరి.”

“ఆయ్,” అన్నారు మావగారు. లోపలికి వెళ్ళి కొత్త తాడు తెచ్చి ఊరికే ఇచ్చి పంపేశారు. ఆయన గుర్తు మీద జరిగిన మోసానికి ఆయనే తాడు ఇచ్చుకోవడం చూసి నేను ఆగలేకపోయాను.

“మావగారూ, ఒకరి గుర్తు పెట్టి ఇంకొకరు సరుకు అమ్మితే ఇంగ్లాండులో కోర్టులు ఆపుతున్నాయండి. నేను చదివేను.”

“మనకి అలాంటి చట్టం ఉందాండీ?”

“లేదండి. చట్టం లేనిచోట న్యాయం, మనస్సాక్షి చూసి తీర్పు చెప్పాలని మునసబు కోర్టులకి ఆదేశం ఉందండి.”

“మనస్సాక్షి చూస్తారా? అయితే మంచిదేనండి,” అన్నారాయన.

నేను అమలాపురం వెళ్ళి వకీలుగారి చేత దావా రాయించడానికి కూర్చున్నాను. నేను చూపించిన తీర్పులు చూసి ఆయన మెచ్చుకున్నారు. తర్వాత, “మీ మావగారు కాక ఈ పురి ఇంకెవరు వేస్తారయ్యా?” అని అడిగారు.

“నేను వేస్తానండి.”

ఆయన కలం కింద పెట్టారు. “అక్కడే చిక్కు. అల్లుడికి ఇచ్చేశాడు. రేపు నువ్వు నీ అల్లుడికిస్తావు. ఇలా చేతులు మారే గుర్తు ఒకడి సొత్తెలా అవుతుందీ అంటాడు అవతలివాడు. నువ్వు వెయ్యడం మానెయ్యి. దావా వేసేనాటికి అది ఆయనొక్కడిదే అయితే గట్టిగా నిలబడొచ్చు.”

తిరుగు పడవలో దారి పొడుగునా అదే ఆలోచన. ఆ పురి లేకపోతే మా తాడు మళ్ళీ మా రేవు తాడే. అప్పటికి మాకిద్దరు పిల్లలు. ఆ గుర్తు నాకు ఇచ్చిందే ఆయన కదా, ఆయన కోసం వదులుకోలేనా అనుకున్నాను. అనుకుంటూనే ఆ మాట ఆయనతో ఎలా చెప్పాలా అని వెతికాను.

వకీలుగారి సలహా మావగారికి చెప్పి, చివరికి ఇలా అన్నాను: “మీరు ఊఁ అంటే నేను మానేస్తానండి.”

నిజంగా మానదల్చుకున్నవాడు అడగక్కర్లేదు. మానేసి వచ్చి చెప్పాలి. ఆయన ఊఁ అనరని నాకు తెలుసు. తెలిసే ఆ మాట ఆయన నోటికి వదిలిపెట్టాను.

మావగారు పేనడం ఆపలేదు. “అమ్మాయితో పాటు ఇచ్చిందండి. అమ్మాయి మీ ఇంట్లో ఉండగా ఎలా తీసుకుంటాను? ఇంకెప్పుడూ ఆ మాట అనకండి.”

నాకు ప్రాణం కుదుటపడింది. ఆ పూట అత్తగారు చేసిన చేపల పులుసు మారడిగి తిన్నాను. ఆ ఆకలి ఈనాటికీ నాకు సిగ్గే.

ఆ చిక్కుతోనే దావా వేశాం. విచారణ రోజున మునసబు కోర్టు నిండా పడవలవాళ్ళే. అవతలి వకీలు మావగారిని అడిగాడు.

“ఈ నల్ల పురి నీ ఒక్కడిదేనా?”

“మా ఇంటిదండి.”

“నీ ఇంటివాళ్ళు కాక ఇంకెవరైనా వేస్తారా?”

ఆ వకీలుకు నా సంగతి తెలియదు. ఊరికే బాణం వేసి చూశాడు. మావగారు లేదంటే సరిపోయేది. ఆయన తలతిప్పి జనంలో నన్ను వెతికి చూసుకున్నారు.

“వేస్తారండీ. కాట్రేనికోనలో మా అల్లుడుగారు వేస్తారు. నాకంటే నున్నగా పేనుతారండి.”

వకీలు మునసబుగారి వైపు తిరిగాడు. “అల్లుడు గనక ఇచ్చాడట. మా కక్షిదారుకి పిల్లనిచ్చుంటే ఈ దావా ఉండేది కాదన్నమాట.”

కోర్టంతా నవ్వింది. మునసబుగారు మాత్రం నవ్వలేదు. గుర్తు ఒక చేతి నుంచి ఇంకో చేతికి పోతుందని వాది తానే ఒప్పుకున్నాడు కాబట్టి, అది అతనొక్కడి సొత్తని తేలలేదని చెప్పి దావా కొట్టేశారు. నేను చదివిన పుస్తకాల ప్రకారం ఆ తీర్పులో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు.

రేవు దగ్గర పడవ కోసం నిలబడినప్పుడు, “రాజమండ్రిలో అప్పీలు చేసుకోవచ్చండి,” అన్నాను.

“వద్దండి,” అన్నారు మావగారు. పడవ ఎక్కబోతూ, “అవతలి వకీలుగారు బాగా అడిగేరండి,” అన్నారు. ఎత్తిపొడుపేమీ లేదు ఆ మాటలో. ఉంటే నాకు తేలికగా ఉండేది.

ఆ తర్వాత ఆయన తన తాళ్ళలో నల్ల పురి వేయడం మానేశారు. కొట్టు సరుకూ తనదీ ఒకటేనని జనం అనుకోవడం ఆయనకు ఇష్టం లేదు. ముఖం తెలిసినవాళ్ళు వచ్చి కొన్నారు. కొత్తవాళ్ళు కొస విప్పి చూసి, గుర్తు లేదని కొట్టుకే పోయారు. మా చిన్న బావమరిది ఇంట్లో పని చాలక పడవ మీద కూలికి కుదిరాడు. ఆ వర్తకుడి సరుకు కాట్రేనికోన దాకా రాలేదు. మా రేవులో నల్ల పురికి విలువ తగ్గలేదు. నా పాకలో పని పెరిగింది.

ఒకరోజు నేను పురి వేయకుండా తాడు మొదలుపెట్టాను. మా ఆవిడ పీచు దువ్వుతూ చూసింది.

“నల్ల పురి వెయ్యలేదేమండీ?”

“వద్దనిపించింది.”

“మా నాన్నగారు అంతమంది ముందు మా అల్లుడుగారు వేస్తారని చెప్పేరు. ఇప్పుడు మీరు మానేస్తే ఆయన దేనికోసం ఓడిపోయినట్టండీ?” పీచు పక్కన పెట్టి లేచింది. “మానదల్చుకుంటే అప్పుడే మానాల్సిందండి.”

నేను మావగారిని అడిగిన తీరు తెలిసి అందో, తెలియక అందో అడగలేదు. తను లోపలికి వెళ్ళి నల్ల పురి చుట్ట తెచ్చి నా పక్కన పెట్టి, మళ్ళీ పీచు దువ్వడానికి కూర్చుంది. నేను పేనిన మేరకు తాడు విప్పేసి, పురి కలిపి, మొదటి నుంచి పేనాను.