అందరినీ చదివించిన టీచరమ్మ

నేను మూడో తరగతిలో ఉండగా, రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, మా క్లాసుకు ఒక కొత్త టీచరమ్మ వచ్చింది. వచ్చీ రాగానే, ఒక్కరినీ వదలకుండా అందరి చేతా చదివిస్తానంది. మా పుస్తకంలో లేని పేజీ, ఒక్కొక్కరుగా ఆమె బల్ల దగ్గర నిలబడి చదవాలి. నాకు ఒళ్ళు మండిపోయింది. ఫస్ట్ ర్యాంకు నాది, నాకు పరీక్షేమిటి!

అసలు సంగతేమిటంటే, నాకు చదవడం రాదు. అందరూ తమిళం మాట్లాడే లాస్‌పేటలో మా ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. రోజూ దీపాలవేళ అవ్వ నన్ను వాకిట్లో కూర్చోబెట్టి, వీధంతా వినపడేలా పాఠం చదివించేది. అంతకుముందే అక్క ఒకసారి చదివి వినిపిస్తే చాలు, నాకు నోటికొచ్చేసేది. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, సరైన చోట పేజీ తిప్పుతూ గడగడా అప్పజెప్పేసేదాన్ని. "మా పాప చదవతాంటే వినండి!" అని అవ్వ పక్కింటివాళ్ళను కేకేసేది. పరీక్షల్లో ప్రశ్నలు టీచరే పైకి చదివేది. జవాబుల అక్షరాల ఆకారాలు గుర్తుపెట్టుకుని ముగ్గు వేసినట్టు వేసేసేదాన్ని.

పాత టీచర్ కూడా నా తరఫునే మాట్లాడింది. "దానికెందుకండీ, అది బంగారం. వెనక బెంచీ వాళ్ళను చూడండి, చాలు."

"అందరూ అంటే అందరూ," అంది కొత్తామె.

పేజీలో బొమ్మ చూసి "మేక" అన్నాను. అంతే, ఆ తర్వాత నోరు పెగల్లేదు. ఆమె తిట్టలేదు. మధ్యాహ్నం అన్నాలయ్యాక అరగంట, నాకూ ఇంకొందరికీ విడిగా నేర్పిస్తానంది. అందుకు ఇంట్లో పెద్దవాళ్ళు ఒప్పుకోవాలంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. చదువు ఎక్కలేదనే మా అత్తను బడి మాన్పించారు మరి.

సంగతి తెలిసి మర్నాడే అవ్వ కొంగు దోపుకుని బడికి వచ్చింది. "ఏందమ్మా, ఫస్టొచ్చే పిల్లను మొద్దుల్లో కూర్చోబెడతావా?" అని తమిళమూ తెలుగూ కలిపి దులిపేసింది.

టీచరమ్మ ఇంకో కొత్త పేజీ నా చేతికిచ్చింది. "మీరే వినండమ్మా."

రెండక్షరాల దగ్గరే ఆగిపోయాను.

"చదవవే, ఏంది ఆగినావు?"

భోరుమన్నాను. "నన్ను బడి మాన్పించొద్దవ్వా!"

అవ్వ నన్ను దగ్గరకు లాక్కుని కన్నీళ్ళు తుడిచింది. తర్వాత టీచరమ్మ రెండు చేతులూ పట్టుకుంది. "కూర్చోబెట్టు తల్లీ. దినామూ కూర్చోబెట్టు."

ఆ ఏడాది చివరికి నిదానంగానైనా ఏ పేజీ అయినా చదివేదాన్ని. తెలుగు అక్షరాలు పెద్దయ్యాక నేనే నేర్చుకున్నాను, ఆమె ఇచ్చిన ధైర్యంతోనే. ఆమె వెనక బెంచీలతో సరిపెట్టుకుని ఉంటే నన్ను ఎవరు పట్టించుకునేవారు? ఆమె కడుపు చల్లగుండ!

అవ్వ బడికొచ్చిన ఆ రోజు ఇద్దరం కలిసి ఇంటికి నడిచాం. మా వీధి మలుపులో అవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నేనూ మూడో క్లాసు దాకా పోయినా పాపా. నన్ను ఎవురూ చదవమని అడగలేదు."